ఒక మిల్లీమీటరు గోడ

నా సైకిలు కులగోత్రాలు అడిగితే చెప్పడం కొంచెం కష్టం. హ్యాండిల్ మీదున్న గేరు షిఫ్టర్లు రోడ్ బైక్‌వి, పది గేర్ల తరానివి. వెనక చక్రం పక్కన వేలాడుతూ చైనుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే డీరైలర్ మౌంటెన్ బైక్‌ది, అదీ తొమ్మిది గేర్ల తరానిది. వెనకుండే పళ్ళచక్రాల గుత్తిని క్యాసెట్ అంటారు. అది కూడా మౌంటెన్ బైక్‌దే. పెడల్స్ దగ్గరున్న ముందు చక్రాలు మళ్ళీ రోడ్ బైక్‌వి. ఏది దేనితో కలుస్తుందో చెప్పే కంపెనీ పట్టికలో ఈ కలయికకి చోటు లేదు. పట్టికలో లేని ఈ సైకిలే నాలుగేళ్ళుగా నన్ను మోస్తోంది.

ఇలా కలపడానికి కారణం సాహసం కాదు, మోకాళ్ళు. పన్నెండేళ్ళు కుర్చీలో కూచుని కోడ్ రాసినవాడి మోకాళ్ళు అనంతగిరి ఎక్కేటప్పుడు తమ అభిప్రాయం గట్టిగానే చెప్తాయి. లెక్క చూడండి. ముందు 34 పళ్ళు, వెనక 28 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి సైకిలు సుమారు 2.55 మీటర్లు కదులుతుంది. వెనక 28 బదులు 36 పళ్ళ చక్రం వేస్తే అదే చుట్టుకి 2 మీటర్ల లోపే కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే మొదటిదాంట్లో గంటకి 9 కిలోమీటర్ల పైన పోవాలి, రెండోదాంట్లో 7 చాలు. నిటారుగా ఉన్న మలుపులో ఆ రెండు కిలోమీటర్ల తేడాయే సైకిలెక్కి పోవడానికీ, దిగి నెట్టుకుంటూ పోవడానికీ మధ్య ఉన్న తేడా. ఆ తరం రోడ్ డీరైలర్లు దాదాపు 28 దగ్గరే ఆగిపోయేవి. 36 దాకా చేతులు చాచగలిగింది మౌంటెన్ డీరైలరే.

షాపులో ఎవర్నడిగినా రోడ్ గేర్లు వేరు, మౌంటెన్ గేర్లు వేరు, కలవవు అంటారు. చాలావరకు నిజమే. కానీ ఆ చెప్పే తీరు చూస్తే అదేదో నూనే నీళ్ళూ కలవవన్నంత ప్రకృతి సిద్ధంగా ఉంటుంది. నాకు ఆసక్తి పుట్టింది అక్కడే. ఈ గోడకి తేదీలున్నాయి, ఊళ్ళున్నాయి, కట్టిన మేస్త్రీలున్నారు. వాళ్ళ దగ్గర మంచి ఇంజనీరింగ్ కారణాలున్నాయి, వ్యాపార కారణాలూ ఉన్నాయి. ఆ రెంటినీ విడదీసి చూద్దామనే ఈ ప్రయత్నం.

*

సైకిలుకి గేర్లు అసలెవరికి కావాల్సి వచ్చాయి? పందేలవాళ్ళకి కాదు. కొండలున్న ఊళ్ళో సరదాగా తిరిగేవాళ్ళకి.

ఫ్రాన్సులో సెంట్ ఎతియెన్ అని ఒక పారిశ్రామిక పట్టణం. ఊరు దాటితే ఎత్తులే. అక్కడ పాల్ ద వివీ (1853–1930) అనే పట్టు వ్యాపారి సైకిళ్ళ పిచ్చిలో పడి, 1887 లో ఒక సైకిలు పత్రిక మొదలుపెట్టాడు. దాని పేరు తర్వాత 'లె సిక్లిస్త్'గా స్థిరపడింది. 'వెలోసియో' అన్న కలంపేరుతో ఆయన రాసిన రాతల్లో పదేపదే వచ్చే వాదన ఒకటే: కొండకీ మైదానానికీ ఒకే పళ్ళచక్రం సరిపోదు. చేత్తో చైను తీసి పక్క చక్రం మీద వేసుకునే పద్ధతి నుంచి మొదలుపెట్టి, తొక్కుతూనే గేరు మార్చే రకరకాల యంత్రాల దాకా తన సైకిలు మీదే ప్రయోగాలు చేశాడు.

ఎదురు పక్షంలో ఉన్నది హెన్రీ దెగ్రాంజ్. 1903 లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకి పనికొస్తాయిగానీ, గెలవాల్సింది కండలతో, డీరైలర్ తెలివితో కాదన్నది ఆయన మతం. ఆయన ఏలుబడిలో టూర్‌లో డీరైలర్ నిషేధం. అంచేత పందెగాళ్ళు వెనక చక్రానికి రెండు పక్కలా రెండు పళ్ళచక్రాలు పెట్టుకునేవాళ్ళు. కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించి మళ్ళీ ఎక్కేవాళ్ళు. పైకి చేరాక మళ్ళీ అదే తంతు. 1936 లో ఆయన ఆరోగ్యం పాడై పగ్గాలు జాక్ గొదే చేతికొచ్చాయి. 1937 లో డీరైలర్‌కి అనుమతి దొరికింది. ఆ ఏడు గెలిచిన రోజే లాపెబీ డీరైలర్‌తోనే గెలిచాడు.

ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇవాళ మనం రోడ్ బైక్ గేర్లు అంటున్నవి రోడ్డు పందేల్లో పుట్టలేదు. కొండలెక్కే సామాన్యుల అవసరంలోంచి పుట్టి, పందేల గుమ్మం దగ్గర ముప్పయ్యేళ్ళకి పైగా నిలబడి, తర్వాత లోపలికెళ్ళాయి. లోపలికెళ్ళాక పందేలవాళ్ళు తమకి కావలసిన ఎత్తు గేర్లే ఉంచుకున్నారు. తేలిక గేర్లు మాత్రం ఫ్రాన్సు పల్లెదారుల్లో సామాన్లు కట్టుకుని తిరిగే టూరింగ్ సైకిళ్ళ మీద బతికాయి. టీఏ అనే ఫ్రెంచి సంస్థ వాళ్ళ కోసం ముందువైపు 26 పళ్ళ దాకా చిన్న చక్రాలు బిగించుకోగల క్రాంకులు చేసేది. పందెగాళ్ళు వాటిని చూసి నవ్వుకునేవాళ్ళేమో. కానీ కథలో తర్వాతి మలుపు ఆ క్రాంకుల మీదే తిరిగింది.

*

ఆ మలుపు అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మెరిన్ కౌంటీలో వచ్చింది. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు 1930, 40ల నాటి పాత, బరువైన, లావు టైర్ల సైకిళ్ళని మట్టి కొండదారుల మీంచి కిందికి దూకించేవాళ్ళు. వాటికి గేర్లు లేవు. బ్రేకు ఒక్కటే, పెడల్ వెనక్కి తొక్కితే పడేది. 1976 అక్టోబరు 21 న మొదలైన వాళ్ళ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. సుమారు 3.4 కిలోమీటర్ల దూరంలో 400 మీటర్ల దిగుడు. ఒక్కసారి దిగేసరికి బ్రేకులోని గ్రీజు కాలి పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరాలి. అదే రీప్యాక్.

దిగడం బాగానే ఉంది, ఎక్కడం మాటేమిటి? నెట్టుకుంటూ ఎక్కాలి, లేదా ఏదో ట్రక్కులో వేసుకెళ్ళాలి. దీనికి జవాబు 1974 డిసెంబరులోనే ఒకసారి కనిపించి మాయమైంది. మిల్ వ్యాలీలో జరిగిన ఒక సైక్లోక్రాస్ పోటీకి కూపర్టీనో నుంచి మోరో డర్ట్ క్లబ్ అనే బృందం వచ్చింది. తర్వాత యాపిల్ కంపెనీ వల్ల మనందరి చెవినా పడిన కూపర్టీనోయే. వాళ్ళ లావు టైర్ల పాత సైకిళ్ళకి రోడ్ సైకిళ్ళ డీరైలర్లు తగిలించి ఉన్నాయి. మెరిన్ కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. కొన్నాళ్ళకి గ్యారీ ఫిషర్ తన సైకిలుకి కూడా గేర్లు బిగించాడు. 1977 లో జో బ్రీజ్ ఈ పని కోసమే ప్రత్యేకంగా ఒక ఫ్రేమ్ కట్టాడు. ఆ మొదటి బ్రీజర్ ఇప్పుడు అమెరికా జాతీయ మ్యూజియంలో, స్మిత్సోనియన్‌లో ఉంది.

ఆ తొలి మౌంటెన్ బైకుల సామాను జాబితా చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఫ్రెంచి టూరింగ్ క్రాంకులు, అవే టీఏవి. ఫ్రెంచి మాఫాక్ బ్రేకులు. వాటిని నొక్కడానికి మోటారుసైకిలు లీవర్లు. బొటనవేలితో తోసే జపాన్ సన్‌టూర్ షిఫ్టర్లు. టూరింగ్ సైకిలు కోసం చేసిన ఫ్రెంచి డీరైలర్. ఏదీ కొండ కోసం పుట్టలేదు, ఏదీ ఇంకోదాని కోసం పుట్టలేదు. సంస్కృతపు మణినీ దేశిభాష పగడాన్నీ ఒకే దండలో గుచ్చిన శైలికి మన పాత కవులు మణిప్రవాళమని పేరు పెట్టారు. మెరిన్ వాళ్ళది ఉక్కు దండ, అంతే తేడా.

అంటే రోడ్ సామానూ మౌంటెన్ సామానూ కలపకూడదన్న నియమం కన్నా మౌంటెన్ బైకే పాతది. ఆ నియమం అప్పటికే ఉండుంటే అది పుట్టేదే కాదు.

కంపెనీలు త్వరలోనే మేలుకున్నాయి. 1981 లో స్పెషలైజ్డ్ సంస్థ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌తో మౌంటెన్ బైక్ భారీ ఎత్తున అమ్మకానికొచ్చింది. మరుసటేడు షిమానో తన మొదటి మౌంటెన్ బైక్ సామాను సెట్‌ని డియోర్ ఎక్స్‌టీ పేరుతో తెచ్చింది. డియోర్ అన్నది అంతకుముందు వాళ్ళ టూరింగ్ సెట్ పేరు. పేరులో కూడా పాత చుట్టరికం మిగిలిపోయింది.

*

ఇంతవరకూ ఏది దేనితోనైనా కలవగలిగిందంటే దానికి కారణం షిఫ్టర్‌లో ఉంది.

పాత షిఫ్టర్ కేవలం ఒక మీట. దాన్ని లాగితే కేబుల్ లాగుతుంది, కేబుల్ డీరైలర్‌ని లాగుతుంది. ఎంత లాగాలో యంత్రానికి తెలీదు, తొక్కేవాడికి తెలియాలి. చైను కరకరలాడితే కొంచెం ముందుకి, ఇంకా వినిపిస్తే కొంచెం వెనక్కి. ఫిడేలు లాంటిదన్నమాట. తీగ మీద మెట్లుండవు, స్వరం ఎక్కడుందో వేలికీ చెవికీ తెలియాలి. ఏ కంపెనీ మీటకైనా ఏ కంపెనీ డీరైలరైనా సరిపోయేది, ఎందుకంటే లెక్క చేసేది మనిషి.

1984 లో షిమానో తన డ్యురా-ఏస్ రోడ్ సెట్‌తో ఫిడేలు బదులు హార్మోనియం ఇచ్చింది. మీటలో మెట్లొచ్చాయి. ఒక 'టిక్' అంటే ఒక గేరు, అటూ ఇటూ వెతుక్కోనక్కర్లేదు. ఇది బాగా పనిచెయ్యడానికి కావలసిన ఒక ముఖ్యమైన ఆలోచన సన్‌టూర్‌ది. డీరైలర్ అడ్డంగా కాకుండా పళ్ళచక్రాల వాలు వెంబడి ఏటవాలుగా కదిలితే, చిన్న చక్రం దగ్గరైనా పెద్ద చక్రం దగ్గరైనా చైనుకీ దానికీ మధ్య దూరం ఒకేలా ఉంటుంది. 1964 నాటి ఆ పేటెంటు గడువు 1984 లోనే తీరింది. ఆ తర్వాత అది అందరి సొత్తయింది. సన్‌టూర్ కూడా టిక్కుల షిఫ్టర్లు చేసిందిగానీ ఆలస్యమైంది. 1990ల మధ్యకల్లా డీరైలర్ల తయారీలోంచి ఆ పేరు కనుమరుగైంది.

సామాన్యుడికి ఇది పెద్ద మేలు. గేరు మార్చడం విద్య కాకుండా పోయింది, చిన్నపిల్లలు కూడా మార్చగలిగారు. నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడలేను. నాకు ఫిడేలు రాదు.

కానీ ఆ మేలుకి ధర ఒకటుంది. ఇప్పుడు లెక్క మనిషి దగ్గర్నుంచి లోహంలోకి పోయింది. షిఫ్టర్ ఒక టిక్కుకి ఇన్ని మిల్లీమీటర్ల కేబుల్ లాగుతుంది. డీరైలర్ ఆ కేబుల్‌ని ఒక నిష్పత్తితో గుణించి అంత దూరం పక్కకి జరుగుతుంది. ఆ జరిగిన దూరం పక్కపక్క పళ్ళచక్రాల మధ్య దూరానికి సమానం కావాలి. మూడు అంకెలూ ఒప్పందంలో ఉండాలి. నా వృత్తిలో దీన్ని ఇంటర్‌ఫేస్ అంటాం. రెండు వైపులా ఒకే ఒప్పందం పాటిస్తే లోపల ఎవరేం చేసుకున్నా ఫర్వాలేదు. అయితే ఆ ఒప్పందాన్ని ఎవరు రాస్తారన్నదే ఎప్పుడూ అసలు ప్రశ్న.

వ్యాపారం దగ్గర అది వెంటనే తెలిసొచ్చింది. 1987 లో షికాగోలో పుట్టిన శ్రామ్ అనే చిన్న సంస్థ, పిడిని తిప్పితే గేరు మారే గ్రిప్ షిఫ్ట్ చేసింది. అది షిమానో డీరైలర్లతో పనిచేసేది. కానీ సెట్ మొత్తం ఒక్కచోటే కొనే సైకిలు తయారీదార్లకి షిమానో ధర తగ్గించి ఇస్తోందనీ, ఒక్క షిఫ్టర్ మాత్రమే అమ్మేవాడు అలాంటి చోట బతకలేడనీ శ్రామ్ 1990 లో కోర్టుకెక్కింది. మరుసటేడు ఇద్దరూ రాజీపడ్డారు. ఆ చిన్న సంస్థే ఇవాళ షిమానోకి ప్రధాన పోటీదారు.

*

విచిత్రమేమిటంటే ఈ కొత్త రోజుల్లో కూడా గోడ పూర్తిగా లేవలేదు. షిమానో రోడ్ డీరైలర్, మౌంటెన్ డీరైలర్, రెండింటి నిష్పత్తీ ఒకటే, సుమారు 1.7. అంటే కేబుల్ ఒక మిల్లీమీటరు లాగితే డీరైలర్ 1.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. వాళ్ళ అన్నిటికన్నా ఖరీదైన డ్యురా-ఏస్ మాత్రం 1990ల రెండో సగం దాకా తన లెక్క తనదిగా విడిగా ఉండేది. మిగతావన్నీ ఒకే కుటుంబం. ఎనిమిది గేర్ల షిఫ్టర్ టిక్కుకి 2.8 మిల్లీమీటర్లు లాగేది, తొమ్మిది గేర్లది 2.5, ఆ తర్వాత రోడ్డుకి వచ్చిన పది గేర్లది 2.3. పళ్ళచక్రాలు దగ్గరవుతున్నకొద్దీ టిక్కు చిన్నదవుతోంది, డీరైలర్ మాత్రం అదే.

దీన్నిబట్టి ఏం తేలిందంటే, గేర్ల సంఖ్య షిఫ్టర్‌లోనూ క్యాసెట్‌లోనూ ఉంది, డీరైలర్‌లో లేదు. దానికి ఎనిమిదో తొమ్మిదో పదో తెలీదు, లాగినంత జరుగుతుంది. అందుకే నా పది గేర్ల రోడ్ షిఫ్టర్‌కి తొమ్మిది గేర్ల మౌంటెన్ డీరైలర్ సరిపోయింది. 2.3 ని 1.7 తో గుణిస్తే 3.9. పది గేర్ల క్యాసెట్‌లో చక్రాల మధ్య దూరం దాదాపు అంతే.

కంపెనీ దీన్ని ప్రకటించలేదు. మెకానిక్కులు కొలిచి కనుక్కున్నారు. వాళ్ళలో పెద్దాయన అమెరికాలోని మసాచుసెట్స్‌లో సైకిలు షాపులో పనిచేసిన షెల్డన్ బ్రౌన్ (1944–2008). ఏ భాగం దేనితో కలుస్తుందో, కలవకపోతే ఏ కిటుకు చెయ్యాలో ఓపిగ్గా, హాస్యంగా రాసిపెట్టాడు. డీరైలర్ దగ్గర కేబుల్‌ని బోల్టుకి ఇటుపక్క కాకుండా అటుపక్క బిగిస్తే మీటపొడవు మారి, నిష్పత్తి కొద్దిగా మారుతుందన్న చిట్కా ఆయన ప్రచారం చేసినవాటిలో ఒకటి. రెండు వేర్వేరు వ్యాసాల గాళ్ళున్న ఒక చిన్న గిలక చేసి, కేబుల్ దాని ఒక గాడిలోంచి వచ్చి ఇంకో గాడిలోంచి వెళ్ళేటట్టు పెడితే ఎంత నిష్పత్తి కావాలంటే అంత వస్తుంది. జేటెక్ సంస్థ దాన్ని షిఫ్ట్‌మేట్ పేరుతో అమ్మింది. ఒక భాషలో మాట్లాడేవాడికీ ఇంకో భాషలో వినేవాడికీ మధ్య గోళీకాయంత దుబాసీ.

కలపడం పేదవాడి చిట్కా మాత్రమే కాదు. మౌంటెన్ పందేల తొలితరం తార జాన్ టోమాక్ 1990 లో తన మౌంటెన్ బైకుకి రోడ్ బైక్‌లా వంపు హ్యాండిల్ పెట్టుకుని పోటీలకి దిగాడు. ఆ ఏడు అతను రోడ్ పందేల జట్టులో కూడా ఉన్నాడు, రెండు సైకిళ్ళ మీదా ఒళ్ళు ఒకేలా ఉండాలనుకున్నాడు. అటునుంచి ఇటు కూడా జరిగింది. రాళ్ళు పరిచిన దారుల మీద జరిగే పారిస్–రూబే రోడ్ పందేన్ని జిల్బెర్ దూక్లో-లసాల్ 1992 లోనూ 1993 లోనూ గెలిచింది మౌంటెన్ బైక్ నుంచి వచ్చిన రాక్‌షాక్స్ సస్పెన్షన్ ఫోర్కుతో.

*

అసలు గోడ 2010 లో లేచింది. షిమానో మౌంటెన్ బైకుకి పది గేర్లు తెస్తూ డైనా-సిస్ అన్న కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. డీరైలర్ నిష్పత్తి 1.7 నుంచి సుమారు 1.2 కి దిగింది. దానికి తగ్గట్టు షిఫ్టర్ టిక్కుకి 2.3 బదులు 3.4 మిల్లీమీటర్లు లాగడం మొదలుపెట్టింది. క్యాసెట్‌లో చక్రాల మధ్య దూరం మాత్రం రోడ్డుకీ కొండకీ ఒకటే. ఇప్పుడు రోడ్ షిఫ్టర్‌కి ఈ కొత్త డీరైలర్ తగిలిస్తే టిక్కుకి 3.9 జరగాల్సింది 2.8 దగ్గర ఆగిపోతుంది. చైను రెండు చక్రాల మధ్య ఎటూ కాకుండా కొట్టుకుంటుంది. తేడా ఒక మిల్లీమీటరు. రోడ్డుకీ కొండకీ మధ్య గోడ మందం అంతే.

ఇంజనీరుగా చూస్తే కంపెనీ కారణం నాకు సబబుగానే ఉంటుంది. మౌంటెన్ బైక్ కేబుల్‌లోకి బురద పోతుంది, రాపిడి పెరుగుతుంది, కేసింగ్ వంపుల దగ్గర కొంత సాగుతుంది. కేబుల్‌లో పావు మిల్లీమీటరు పొరపాటొస్తే 1.7 నిష్పత్తిలో అది 0.43 అవుతుంది, 1.2 లో 0.3 అవుతుంది. ఎక్కువ లాగి తక్కువ కదిలితే తప్పులు చిన్నవవుతాయి. చక్రాలు దగ్గరవుతున్నకొద్దీ ఆ చిన్న తేడా ముఖ్యమవుతుంది. ఇది అబద్ధం కాదు.

కానీ అదే తర్కం రోడ్డుకి కూడా వర్తిస్తుందిగా? వర్తించింది. 2012 లో పదకొండు గేర్ల డ్యురా-ఏస్ వచ్చినప్పుడు రోడ్ నిష్పత్తి కూడా మార్చారు. కానీ 1.2 కి కాదు, సుమారు 1.4 కి. మౌంటెన్ పదకొండు గేర్లకి వచ్చేసరికి 1.1 అయింది. రెండూ ఒకే దిశలో నడుస్తూ, ఎక్కడా కలుసుకోకుండా నడిచాయి. బురద గురించిన వాదన మొదటి మార్పుని సమర్థిస్తుంది. రెండు కొత్త అంకెలు విడివిడిగా ఎందుకుండాలో అదొక్కటే చెప్పలేదు. అదే కాలంలో శ్రామ్ తన పది గేర్ల రోడ్ సామానుకీ మౌంటెన్ సామానుకీ ఒకే నిష్పత్తి పెట్టింది. వాళ్ళ సైకిళ్ళూ బురదలో తిరిగాయి. గోడ అవసరమా ఇష్టమా అన్న ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఈ పోలికలోనే ఉంది.

గోడ లేచాక ఏం జరిగిందో ఊహించగలరు. కొన్నేళ్ళకి దానికో తలుపు పెట్టి, తలుపుకో పేరు పెట్టి అమ్మారు. రోడ్డూ కాని, కొండా కాని మట్టిబాటల సైకిలుకి గ్రావెల్ బైక్ అని పేరొచ్చింది. 2019 లో షిమానో దాని కోసం జీఆర్ఎక్స్ సెట్ తెచ్చింది. రోడ్ బైక్ తరహా షిఫ్టర్లు, 42 పళ్ళ దాకా వెళ్ళే డీరైలర్. పదేళ్ళ ముందు మెకానిక్కులు గిలకలూ బోల్టులూ వాడి దొంగచాటుగా చేసిన పెళ్ళికి ఇప్పుడు శుభలేఖలు అచ్చయ్యాయి.

దెగ్రాంజ్ వారసుల పందేల్లోకి కూడా ఇది చేరింది. 2023 మే 27, జీరో ద ఇటాలియా చివరినుంచి రెండో రోజు, మోంతే లుస్సారి కొండ మీదికి ఒక్కొక్కరుగా గడియారంతో పోటీ. కొండ ఏడు కిలోమీటర్ల పైన, సగటు వాలు 12 శాతం. స్లొవేనియాకి చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ అప్పటికి 26 సెకన్లు వెనకున్నాడు. అతని సైకిలుకి ముందు ఒక్కటే పళ్ళచక్రం, వెనక గ్రావెల్ సెట్ నుంచి తెచ్చుకున్న 44 పళ్ళ పెద్ద చక్రం. ఎక్కుతుండగా గతుకు తగిలి చైను ఊడిపోయింది. దిగాడు, చేత్తో చైను తగిలించాడు, ఎవరో వెనకనుంచి నెడితే మళ్ళీ తొక్కాడు. అయినా ఆ రోజు గెరాంట్ థామస్ కన్నా 40 సెకన్లు ముందొచ్చి, మొత్తం జీరోని 14 సెకన్ల తేడాతో గెలిచాడు. కండలతోనా డీరైలర్‌తోనా అని దెగ్రాంజ్ అడిగితే రెండింటితోనూ అనాలి. పనిలోపనిగా చైనుని చేత్తో వేసుకునే వెలోసియో పద్ధతి కూడా వాడుకున్నాడు.

*

ఇదంతా ఖరీదైన సైకిళ్ళ గొడవ, మనకెందుకు అనిపించొచ్చు. నాకలా అనిపించదు, ఎందుకంటే ఇంకో రకం ప్రపంచం మన వీధి చివరే ఉంది.

పాలక్యాన్లు మోసే, బడికి పంతులుగారిని మోసిన నల్ల సైకిలుని తీసుకోండి. హీరో, అట్లాస్, హెర్క్యులెస్ అని చైను కవరు మీద పేర్లు వేరు కావచ్చు. షాపులో మేకుకి వేలాడే ఫ్రీవీల్ తీసి బిగించేవాడు నీ సైకిలు ఏ కంపెనీ అని అడగడు. చైను, రిమ్ము, పెడలు, బ్రేకు రబ్బరు, ఏది ఎక్కడ చేసినా పానా తిప్పితే కూచుంటుంది. గేర్లు లేవు కాబట్టి సులువే అనకండి. కొలతలు ఉమ్మడివి, అందుకే సులువు. ఆ ఉమ్మడి వల్లే ఇరవయ్యేళ్ళ సైకిలు కూడా పల్లెలో ఒక పూటలో బాగవుతుంది. అదే ఒక గేరు సైకిలు షిఫ్టర్ విరిగితే, పాత తరం సామాను ఆగిపోయిందనీ, సెట్ మొత్తం మార్చాలనీ వింటాం. విరిగింది పిడికెడు వస్తువు, మార్చాల్సింది సగం సైకిలు.

హైదరాబాదులో బ్రెవేలు తొక్కేవాళ్ళ సైకిళ్ళు చూసినా ఇది తెలుస్తుంది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచెయ్యాల్సిన ఈ ప్రయాణాలు ఫ్రాన్సు నుంచే వచ్చాయి. పందెం కాదు, గడువులోపల చేరడమే. ఇది వెలోసియో వాళ్ళ లోకం. అక్కడ నేను చూసిన కలగాపులగం సైకిళ్ళు నాది ఒంటరి కాదని చెప్పాయి. యాభై దాటిన పెద్దాయన ఒకాయన రోడ్ ఫ్రేముకి మౌంటెన్ క్యాసెట్ వేసుకుని, ఎత్తు మీద నన్ను దాటుకుంటూ, "తేలిగ్గా తొక్కు బాబూ, మోకాలు ఒకటే సెట్టు, మార్చడానికి దొరకదు" అన్నాడు.

ఇప్పుడు కేబుల్ కూడా పోతోంది. ఖరీదైన సైకిళ్ళలో షిఫ్టర్ ఒక బటన్. నొక్కితే రేడియో సంకేతం వెళ్తుంది, డీరైలర్‌లో మోటారు ఉంటుంది, ఎంత జరగాలో దానికే తెలుసు. 1.7 లేదు, 1.2 లేదు, మిల్లీమీటరు గోడకి ఆధారమైన లోహమే లేదు. ఏ బటన్ ఏ డీరైలర్‌తోనైనా మాట్లాడొచ్చు, మాట్లాడనిస్తే. శ్రామ్ 2019 లో తన వైర్‌లెస్ సెట్లు తెచ్చినప్పుడు రోడ్ షిఫ్టర్‌తో మౌంటెన్ డీరైలర్ కలుపుకోవడానికి మొదటి రోజే వీలిచ్చింది. మంచి పనే. కానీ అది సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చిన వీలు. సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చినది సాఫ్ట్‌వేర్‌లోనే వెనక్కి తీసుకోవచ్చు, అలాంటి కోడ్ రాసి జీతం తీసుకునేవాడిగా నాకది తెలుసు.

కేబుల్ ఉన్న రోజుల్లో గోడ కొలవగలిగేది. స్కేలు పెట్టి చూస్తే 2.3 కనిపించేది, 3.4 కనిపించేది. కొలవగలిగిన గోడని షెల్డన్ బ్రౌన్ లాంటి మెకానిక్ ఒక బోల్టుతో దాటించగలిగాడు. తర్వాతి గోడకి మందం ఉండదు. దాన్ని దాటడానికి పానా పనికిరాదు, అడిగి అనుమతి తీసుకోవాలి. అందుకే నా తొమ్మిది గేర్ల పాత డీరైలర్ అరిగిపోయే లోపల అలాంటిదే ఇంకోటి వెతికి కొని అటక మీద పెట్టాను. దానికి నా పేరు తెలీదు, నా సైకిలు కంపెనీ తెలీదు, ఎన్ని గేర్లో కూడా తెలీదు. లాగినంత జరుగుతుంది.